బండిలో ఐదో చక్రం

ఇంద్రేశంలో పంక్చర్ షాపు ముందు బండి ఆపితే మొదట వినిపించే మాట "స్టెప్నీ ఉందా సారూ?" అని. అడిగే కుర్రాడికి తెలియదు గానీ, అతను పలికింది వేల్స్‌లో ఒక వీధి పేరు. లానెల్లి అనే ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ ఉంది. 1904లో అక్కడ వాల్టర్, టామ్ డేవీస్ అనే అన్నదమ్ములు ఒక ఉపాయం కనిపెట్టారు. అప్పటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే యజమాని, లేకపోతే డ్రైవరు రోడ్డు పక్కన చతికిలబడి టైరు ఊడదీసి అతుకు వేసుకోవాల్సిందే. డేవీస్ సోదరులు తయారుచేసింది ఆకులు లేని చక్రం, అంటే గాలి నింపిన టైరు తొడిగిన ఒట్టి రిమ్ము. పంక్చరైన చక్రాన్ని ఊడదీయకుండా దాని పక్కనే దీన్ని బిగించి ఇంటికి చేరుకోవచ్చు. అది పుట్టిన దేశంలో ఆ పేరు దాదాపు మరుగున పడింది. మన లారీ క్లీనర్ల నోట మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆ వీధి పేరు నన్ను మొన్న వేసవిలో భయపెట్టింది. నా దగ్గర ఒక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఉంది. స్టెప్నీ వెనక డోరుకు వేలాడుతూ ఉండేది. మా కాలనీ మట్టిరోడ్ల గుంతల్లో పడిలేచి డోరు కీళ్లు వదులయ్యాయి, గడగడా చప్పుడు మొదలైంది. రిపేరు చేయించడానికి బద్ధకించి, చక్రం ఊడదీసి డిక్కీలో పడేశాను. లోపలుంటే దొంగల భయం కూడా ఉండదనుకున్నాను. వారం తిరక్కుండానే శంకర్‌పల్లి రోడ్డు మీద, నందిగామ దాటాక, బర్రెలు అడ్డం వచ్చి గట్టిగా బ్రేకు వేశాను. వెనక నుంచి ఎవరో తన్నినట్టు సీటు అదిరింది. వెనక సీట్లో మనుషులెవరూ లేరు, ఒక బియ్యం బస్తా ఉంది. చక్రం సీటు వీపును గుద్దిన ఊపుకు ఆ బస్తా కిందపడింది.

పంక్చర్ షాపు కుర్రాడికి చెబితే నవ్వలేదు. "కట్టకుండ లోపల పెట్టినవా అన్నా? మనిషికి బెల్టు పెడ్తవు, దానికి పెట్టవా? అది గూడ ముప్పై కిలోల మనిషే గదా!" అన్నాడు.

అతని మాటలో ఉన్న భౌతికశాస్త్రం లెక్క వేసి చూద్దాం.

పెద్ద ఆఫ్‌రోడ్ బండి చక్రం, టైరు, రిమ్ము కలిపి దాదాపు 30 కిలోలు అనుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే బండి వేగం భూమ్యాకర్షణ త్వరణంలో 0.8 వంతు చొప్పున తగ్గుతుంది. రవాణా ఇంజినీర్లు లోడు కట్టడానికి ముందువైపుకు లెక్కలోకి తీసుకునే సంఖ్య ఇదే. యూరప్ ప్రమాణాల్లో పక్కలకూ వెనక్కూ 0.5 అయితే, ముందుకు 0.8. అంటే బ్రేకు వేసినప్పుడు మన 30 కిలోల చక్రాన్ని కదలకుండా ఆపాలంటే 24 కిలోల బరువంత బలం కావాలి. దుమ్ము పట్టిన ప్లాస్టిక్ మ్యాట్ మీద ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, నేల ఇవ్వగలిగేది 12 కిలోలే. మిగతా 12 కిలోల బలం ఎక్కడి నుంచో రావాలి. నా బండిలో సీటు వీపు నుంచి వచ్చింది.

ఇది చదును రోడ్డు సంగతి. గుంతల్లో వ్యవహారం వేరు, ఆఫ్‌రోడ్ సామాను ప్రత్యేకత అంతా అక్కడే ఉంది. ఘర్షణ పుట్టేది వస్తువు నేలను నొక్కడం వల్ల. చక్రం గుంతలోకి జారినప్పుడు డిక్కీ నేల ఒక్క క్షణం కిందికి పడిపోతుంది. సామాను వెంటనే దాని వెనక పడదు, అరక్షణం గాలిలో తేలినట్టు ఉంటుంది. ఆ అరక్షణం అది నేలను నొక్కడం లేదు గనుక ఘర్షణ సున్నా. ఆ సందులో బండి ఎటు ఒరిగితే అది అటు జరుగుతుంది. మళ్లీ నేల పైకి లేచినప్పుడు రెట్టింపు బరువుతో కూలబడుతుంది. పాతకాలపు షావుకారు మానికలో గింజలు పోసి నేలకు రెండుసార్లు తట్టేవాడు, గుర్తుందా? తట్టిన ప్రతిసారీ గింజల మధ్య పట్టు సడలి, అవి ఇంకాస్త కిందికి సర్దుకునేవి. ఇంద్రేశం కొత్త వెంచర్లలో మట్టిరోడ్డు మన డిక్కీని అలాగే తడుతూ ఉంటుంది. ఇంటి దగ్గర బిగుతుగా కట్టిన బెల్టు పది కిలోమీటర్ల తర్వాత వదులు కావడానికి కారణం ఇదే. బెల్టు సాగలేదు, సామాను సర్దుకుంది. అందుకే కొంతదూరం పోయాక ఒకసారి దిగి మళ్లీ బిగించాలని లారీ డ్రైవర్లు చెబుతారు.

ఈ ప్రాంతపు మట్టికీ ఇందులో భాగం ఉంది. పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ ప్రాంగణంలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మెట్టపంటల పరిశోధనకు అదొక వరం. బండ్లకు మాత్రం కాదు. రేగడి బంకమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లు బారుతుంది. దాని మీద పలచగా వేసిన రోడ్డు ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదిలినట్టు లేచి పడుతుంది. ఎర్రనేల దగ్గర గతుకు తక్కువ, రాయి ఎక్కువ. మా వీధి నుంచి మెయిన్ రోడ్డుకు రెండు కిలోమీటర్లలో ఈ రెండు రకాల శిక్షా అనుభవించవచ్చు.

ఇక స్టెప్నీ ఎక్కడ ఉండాలన్న తగాదా. ఇది జీపు అంత పాతది. 1941 నాటి విల్లీస్ సైనిక జీపుకు వెనక భాగాన చక్రం బిగించి ఉండేది. సైనికులు పక్కల నుంచి ఎక్కి దూకేవారు గనుక వెనకవైపు తలుపు అవసరం పడలేదు. యుద్ధం అయిపోగానే 1945లో అదే కంపెనీ రైతుల కోసం సీజే-2ఏ తెచ్చింది. రైతుకు ధాన్యం, పనిముట్లు ఎక్కించాలి, వెనక తలుపు కిందికి తెరుచుకోవాలి. దాంతో చక్రం వెనక నుంచి పక్కకు జరిగింది. 1948లో వచ్చిన బ్రిటిష్ ల్యాండ్ రోవర్ బండ్లలో చాలావాటికి స్టెప్నీని బానెట్ మీద పెట్టారు. బరువు ముందు ఇరుసు మీద పడుతుంది, మంచిదే. కానీ పొట్టి డ్రైవరుకు ముందున్న గుంత కనపడదు. అంటే చక్రం, సామాను, మనిషి చూపు, ఈ మూడూ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. ఏ బండి చూసినా ఆ కొట్లాటలో ఎవరు గెలిచారో తెలుస్తుంది.

మన రోడ్ల మీద గెలిచింది వెనక డోరు. జిప్సీ, బొలెరో, థార్, జిమ్నీ, గూర్ఖా అన్నిటికీ చక్రం వెనకే. ఆ బరువును పైకెత్తి తెరవడం కష్టం గనుక డోరు పక్కకు తెరుచుకునేలా పెట్టారు. ఇరుకు గల్లీలో వెనక ఇంకో బండి ఆనించి ఆపితే డోరు తెరవలేం. అదలా ఉంచి బరువు సంగతి చూద్దాం. 2020లో వచ్చిన థార్‌కు రెండు ఇరుసుల మధ్య దూరం 2,450 మి.మీ. వెనక ఇరుసుకు ఒక మీటరు అవతల 30 కిలోలు వేలాడదీస్తే అది కావడిబద్దలా పనిచేస్తుంది. వెనక ఇరుసు మీద 30 కాదు, దాదాపు 42 కిలోలు పెరుగుతుంది. ఆ అదనపు 12 కిలోలు ముందు ఇరుసు నుంచి తీసుకున్నవి. నిజం చెప్పాలంటే 12 కిలోలు ప్రాణం మీదికి తెచ్చే లెక్క కాదు. చక్రానికి తోడు వెనకే టూల్ బాక్సు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, గుడారం చేరినప్పుడు, అనంతగిరి కొండ ఎక్కుడులో స్టీరింగు తేలికైనట్టు అనిపించేది అందుకే.

అసలు దెబ్బ తగిలేది కీళ్లకు. గుంతలో దిగి లేచేటప్పుడు 30 కిలోలు రెండింతలు, మూడింతలు బరువై కీలును లాగుతుంది, మరుక్షణం వదిలేస్తుంది. ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు, అటూ ఇటూ వంచుతూ పోతే విరుగుతుంది. లోహశాస్త్రంలో దాన్ని లోహపు అలసట అంటారు. మా కాలనీ రోడ్డు ఆ వంచే పని ఉచితంగా చేసిపెట్టింది. చక్రాన్ని ఆనించే రబ్బరు దిమ్మెలు అరిగిపోతే మార్చుకోవడం, డోరు గొళ్లెం సరిచేయించడం చిన్న ఖర్చులే. నేను ఆ పని మానేసి పెద్ద ప్రమాదాన్ని లోపలికి తెచ్చుకున్నాను.

బండి పైన పెట్టుకునే వాళ్లూ ఉన్నారు. చూడటానికి బాగుంటుంది. లెక్క మాత్రం బాగుండదు. 1,750 కిలోల బండికి గురుత్వ కేంద్రం నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. చక్రం, దాన్ని మోసే ఇనుప చట్రం కలిపి 50 కిలోలు రెండు మీటర్ల ఎత్తున పెడితే, గురుత్వ కేంద్రం మూడున్నర సెంటీమీటర్లు పైకి పోతుంది. పక్కకు ఎంత ఒరిగితే బండి బోర్లాపడుతుందో ఆ కోణం ఒక డిగ్రీకి పైగా తగ్గుతుంది. ఇది కదలకుండా నిలబడ్డ బండి లెక్క. మలుపులో స్ప్రింగులు ఒక పక్కకు కుంగినప్పుడు ఇంకా నష్టం. పైగా బురద పట్టిన చక్రాన్ని నెత్తి మీది ఎత్తు నుంచి ఒంటరిగా దించే యోగం పగవాడికి కూడా వద్దు. బండి అడుగున వేలాడదీసే పద్ధతి తారురోడ్డు బండ్లకు హాయి. రేగడి బురదలో దిగబడినప్పుడు మాత్రం దాన్ని తీయాలంటే మనమే ఆ బురదలో పడుకోవాలి.

అందుకే లోపల పెట్టుకోవాలన్న కోరిక తెలివితక్కువది కాదు. ఎడారి పందేల్లో పరుగెత్తే డకార్ ర్యాలీ కార్లు చాలావాటిలో అదనపు చక్రాలు వెనక డోరుకు ఉండవు. బండి ఒంట్లోనే, రెండు ఇరుసుల మధ్య, కింద ఉంటాయి. బరువు నడిమికి చేరేకొద్దీ బండి తిప్పడం తేలిక. ముంతను దగ్గర పట్టుకుని తిప్పడానికీ, తాడు కట్టి దూరంగా తిప్పడానికీ ఉన్న తేడానే ఇది. మలుపులో అడ్డుపడే జడత్వం దూరం వర్గంతో పెరుగుతుంది. బండి నడిమి నుంచి 2.2 మీటర్ల దూరంలో ఉన్న చక్రాన్ని మీటరు దూరానికి తెస్తే ఆ అడ్డు దాదాపు అయిదో వంతుకు దిగుతుంది. బయట పెట్టుకోక తప్పనివాళ్లూ ఉన్నారు. మా పక్కనే ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన ఆయుధ కర్మాగారంలో 'శరత్' పోరాట వాహనాలు తయారవుతాయి. అలా ఇనుప పట్టాల మీద నడిచే బండ్లకు పంక్చరు బాధ లేదు, కానీ పట్టా లంకెలు విరుగుతాయి. యుద్ధట్యాంకుల మీద విడి లంకెలు తగిలించి ఉంటాయి, ఫొటోల్లో చూసే ఉంటారు. వాళ్లు వాటిని బయటే పెట్టుకున్నారు, ఎందుకంటే లోపల మనిషికీ మందుగుండుకూ కలిపి ఉన్నది ఆ కాస్త జాగాయే. మన బండిలోనూ ముందు తేల్చుకోవాల్సింది జాగా సంగతే.

ఎంత జాగా? టైరు గోడ మీది అంకెలతో ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. 255/65 ఆర్ 18 అంటే వెడల్పు 255 మి.మీ., గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు. గోడ ఎత్తును రెండుసార్లు కలిపి, రిమ్మును మి.మీ.లోకి మార్చి కూడితే వ్యాసం 789 మి.మీ. వస్తుంది. ఆ కొలతలతో గుండ్రటి డబ్బా చేస్తే దాదాపు 125 లీటర్లు. అయిదు తలుపుల జిమ్నీకి చక్రం చిన్నది, 195/80 ఆర్ 15, దాదాపు 73 లీటర్లు. ఆ బండి డిక్కీ మొత్తం 208 లీటర్లు. అంటే చక్రాన్ని లోపలికి తెస్తే మూడో వంతుకు పైగా పోయినట్టే.

జాగా పోతే సర్దుకోవచ్చు. భయపడాల్సింది గుద్దుడుకు. గంటకు 50 కి.మీ. వేగంతో పోతూ బండి దేన్నయినా గుద్దుకుని ఆగితే, లోపలి చక్రం అదే వేగంతో ముందుకు వస్తుంది. దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి, ఆ చక్రాన్ని కింద ఉన్న మనిషి మీద వదిలినదానితో అది సమానం. ఔటర్ రింగు రోడ్డు మీద 100 దగ్గర పోతుంటే? వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. అప్పుడు ఎత్తు దాదాపు 39 మీటర్లు. ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కేవాళ్లలో ఈ లెక్క ఎంతమంది మనసులో వేసుకుంటారో!

సీటు వీపు ఆపుతుంది కదా అంటారు. కొంతవరకు ఆపుతుంది. సీట్ల దృఢత్వాన్ని పరీక్షించే ఐక్యరాజ్యసమితి 17వ నిబంధన ప్రకారం డిక్కీలో 18 కిలోల చొప్పున రెండు దిమ్మెలు పెట్టి, దాదాపు 50 కి.మీ. వేగంతో కొట్టినట్టు చూస్తారు. సీటు వీపు వాటికి తట్టుకుంటే ఉత్తీర్ణత. మన చక్రం, జాకీ, పానాలు, నీళ్ల క్యాను కలిస్తే ఆ 36 కిలోలు ఎప్పుడో దాటిపోతాం. పాత జీపుల్లో వెనక ఎదురెదురు బల్లలే, అడ్డుగా వీపు కూడా ఉండదు.

కట్టడం ఎలా అన్నదే మిగిలింది. రంగురంగుల సాగుడు తాళ్లను దీనికి వాడొద్దు. అవి సామానును ఆపవు, వెనక్కి లాగి మళ్లీ విసురుతాయి. రాట్చెట్ బెల్టు చక్రం మీదుగా వేసి రెండు చివరలూ నేలకు నిటారుగా బిగించామనుకుందాం. బ్రేకు దెబ్బ ఆగడానికి ఎంత బిగువు కావాలి? పైన చెప్పిన ఘర్షణతో చక్రం నేలను మొత్తం 60 కిలోల బరువుతో నొక్కితే చాలు. 30 దాని సొంత బరువు. మిగతా 30 కోసం బెల్టు ఒక్కో కొస 15 కిలోల బిగువుతో లాగితే సరిపోతుంది. పిల్లవాడు కూడా బిగించగలడు. అయితే 50 కి.మీ. వేగంలో గుద్దుకుని 60 సెంటీమీటర్ల దూరంలో బండి ఆగిపోతే ఆ కుదుపు భూమ్యాకర్షణకు పదహారింతలు. చక్రం దాదాపు అయిదు క్వింటాళ్ల బలంతో ముందుకు తోస్తుంది. దాన్ని ఒత్తిడితో మాత్రమే ఆపాలంటే బెల్టు రెండు కొసల్లోనూ ఆరేసి క్వింటాళ్ల బిగువు ఉండాలి. చేత్తో అయ్యే పని కాదు. పైనుంచి నొక్కే కట్టు గతుకులకూ బ్రేకుకూ సరిపోతుంది. ప్రమాదానికి మాత్రం చక్రాన్ని బండి ఒంటికి బోల్టుతో బిగించాలి, లేదా ముందువైపు కదలని అడ్డు ఉండాలి. సంచులు తగిలించే ప్లాస్టిక్ కొక్కేలకు కట్టి నిశ్చింతగా ఉన్నవాళ్లను చూశాను. అవి కూరగాయల సంచి కోసం పెట్టినవి.

నేను చేయించింది ఇది. చక్రాన్ని పడుకోబెట్టి, సీటు వీపుకు ఆనించి, డిక్కీ నేల కింద బలమైన పట్టీ వేసి, రిమ్ము మధ్య రంధ్రంలోంచి మందపాటి బోల్టు దింపాం. బరువు కిందే ఉంటుంది, వెనక ఇరుసుకు దగ్గరగా ఉంటుంది. రిమ్ము బోలులో జాకీ, వీల్ పానా గుడ్డలో చుట్టి పెడితే చప్పుడు కూడా లేదు. పైన పలక వేసి తేలిక సంచులు పెడతాను. సీటు వీపు ఎత్తు దాటి ఏదీ పెట్టను. నీళ్ల క్యాను నింపితే పూర్తిగా నింపుతాను, సగం నీళ్లు బ్రేకు వేసినప్పుడు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటాయి. చీకట్లో పంక్చరైతే సంచులన్నీ దించాలి, నిజమే. ఆ ఇబ్బందికి ఒప్పుకున్నాను. రోజూ సామాను ఎక్కించి దించే బండి అయితే డోరు కీళ్లు బాగు చేయించుకుని చక్రాన్ని బయటే ఉంచమంటాను.

అసలు స్టెప్నీయే ఎందుకని కొందరంటారు. 2020లో కేంద్రం నిబంధన మార్చింది. మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల బండికి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదు. నగరంలో తిరిగే కారుకు అది చాలు. కిట్టు మూసేది తొక్కు భాగంలో మేకు పొడిచిన చిల్లును. అనంతగిరి లాటరైటు రాయి టైరు గోడను కోస్తే ఏ కిట్టూ అక్కరకు రాదు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి చిన్న తాత్కాలిక చక్రం కూడా పనికిరాదు, అయిదూ ఒకే కొలత ఉండాలి. టైరు తొక్కు 5 మి.మీ. ఎక్కువ అరిగితే ఒక్కో చుట్టుకు 31 మి.మీ. తేడా వస్తుంది. కిలోమీటరుకు నాలుగొందల చుట్లు వేసుకుంటే ఒక చక్రం రెండోదానికన్నా 12 మీటర్లకు పైగా వెనకబడుతుంది. నాలుగు చక్రాలూ కలిపి లాగే స్థితిలో గట్టి రోడ్డు మీద నడిపితే ఆ తేడా గేర్ల పళ్లను నమిలేస్తుంది. అందుకే స్టెప్నీని కూడా వంతులో కలిపి చక్రాలు మార్చుకోవడం మంచిది.

మూలన పడున్న టైరుకూ వయసు పెరుగుతుంది. వేసవిలో మూసిన బండి లోపల చేయి పెట్టలేనంత వేడి, ఆ వేడికి రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. గాలి నెలకు ఒకటి రెండు పాయింట్లు దానంతటదే తగ్గుతుంది. టైరు గోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం పుట్టిందని అర్థం.

బోల్టు బిగించిన రోజు కుర్రాడు నా స్టెప్నీకి గాలి గేజి పెట్టాడు. పద్నాలుగు చూపించింది. గోడ మీద చివరి అంకెలు 4113. పదేళ్లకు పైబడిన ముసలి టైరును, గాలి కూడా లేనిదాన్ని, అంత లెక్క వేసి భద్రంగా కట్టించాను. "ముందు ఇది మార్చు అన్నా, తర్వాత కట్టుకుందువు" అన్నాడు. ఈ ఆదివారం మీరూ డిక్కీ తెరవండి. కట్టు కన్నా ముందు ఆ నాలుగంకెలు చదవండి.